గంటలో ఒకే పని: మా స్వచ్ఛంద బృందానికి ఆన్‌లైన్ శిక్షణ ఏర్పాటు చేసిన వైనం

మొదటిసారి నేను ఏర్పాటు చేసిన ఆన్‌లైన్ శిక్షణ 90 నిమిషాలు సాగితే, అందులో 80 నిమిషాలు నేనే మాట్లాడాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల ప్రోగ్రాములను తెలుగులోకి అనువదించే చిన్న స్వచ్ఛంద బృందం మాది. కొత్తగా చేరినవారికి పని నేర్పే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి గనుక నేను తీసుకున్నాను. ఖాతా తెరవడం దగ్గర మొదలుపెట్టి పదకోశం, వర్ణక్రమ నియమాలు, సమీక్ష పద్ధతి, దోషాలను నివేదించడం, చివరికి బృందం పుట్టుపూర్వోత్తరాల దాకా 11 అంశాలను స్లైడ్లలో సర్ది, ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పాను. ముగింపులో అందరూ చాలా ఉపయోగపడిందని రాశారు. రెండు వారాల తరువాత లెక్క చూసుకుంటే, హాజరైన 14 మందిలో అనువాదాలు పంపినవారు ఇద్దరే. ఆ ఇద్దరూ శిక్షణకు ముందు నుంచే పంపుతున్నవారు.

జీతం లేని పని కదా, ఎవరి తీరిక వారిది అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. తరువాత ఒక రాత్రి ఆ సమావేశపు రికార్డింగు పెట్టుకుని చూస్తే, 20 నిమిషాలు గడిచేసరికి నా గొంతు నాకే విసుగు పుట్టించింది. అంతకంటే ఇబ్బంది పెట్టిన విషయం మరొకటి ఉంది. ఆ 90 నిమిషాల్లో కొత్తవారిలో ఒక్కరు కూడా అనువాద పేజీని తెరవలేదు. తెరవమని నేను అడగలేదు. ఈతకు వచ్చినవారిని గట్టున కూర్చోబెట్టి నీళ్ల గురించి ప్రసంగించి పంపినట్టయింది. రెండవసారి ప్రయత్నించే ముందు నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: ఆ గంట ముగిసేలోగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక నిర్దిష్టమైన పనిని తమ చేతులతో పూర్తి చేసి ఉండాలి. ఆ పని ఏదో తేలే వరకు తేదీ కూడా ప్రకటించకూడదు.

ఆ పని ఏమిటో నాకు తెలుసునని అనుకున్నాను గానీ, తెలియదు. కొత్తవారికి పదకోశం కష్టంగా ఉందని నా అంచనా. బృందంలో ఇటీవల చేరిన ప్రతివారికీ విడివిడిగా సందేశం పంపి, చివరిసారి పని మొదలుపెట్టి ఎక్కడ ఆపేశారు, ఆ సమయంలో తెర మీద ఏముంది అని మాత్రమే అడిగాను. మీకు ఏ అంశాల్లో శిక్షణ కావాలి అని అడిగి ఉంటే అందరూ మర్యాదగా అన్నీ కావాలనే అనేవారు. ఎక్కడ ఆగారని అడిగినందువల్ల జవాబులు సూటిగా వచ్చాయి. సగానికి పైగా ఒకే చోట ఆగిపోయారు. అనువదించవలసిన వాక్యం మధ్యలో శాతం గుర్తు, దాని పక్కన ఒక ఆంగ్ల అక్షరం కనిపిస్తాయి. వాటిని ఉంచాలో, తీసేయాలో, అనువదించాలో వారికి తెలియలేదు. తప్పు చేస్తే ఎక్కడో ఎవరి కంప్యూటరో పాడవుతుందేమోనన్న భయంతో పేజీ మూసేసి వెళ్లిపోయారు.

ఈ భయానికి కొంత ఆధారం ఉంది కాబట్టి దాన్ని కొట్టిపారేయలేదు. ఆ గుర్తులు ఖాళీ గడుల వంటివి. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ చోట ఒక సంఖ్యో, ఫైలు పేరో వచ్చి కూర్చుంటుంది. గుర్తును తీసేస్తే ఆ సమాచారం కనిపించకుండా పోతుంది, దాని పక్కనున్న అక్షరాన్ని మార్చేస్తే కొన్ని సందర్భాల్లో ప్రోగ్రాం ఆగిపోవచ్చు కూడా. తెలుగువారికి ఇందులో అదనంగా మరో చిక్కు ఎదురవుతుంది. ఆంగ్లంలో ముందు కాపీ అయిన ఫైళ్ల సంఖ్య, ఆ తరువాత మొత్తం సంఖ్య వచ్చే వాక్యాన్ని మనం సహజంగా తిరగేసి, మొత్తం 12 ఫైళ్లలో 3 కాపీ అయ్యాయి అని చెబుతాం. గుర్తులకు వరుస సంఖ్యలు ఇవ్వకుండా వాక్యాన్ని మాత్రమే తిప్పితే, తెర మీద మొత్తం 3 ఫైళ్లలో 12 కాపీ అయ్యాయి అని కనిపిస్తుంది. శాతం గుర్తు తరువాత ఎన్నవది అన్న అంకె, డాలరు గుర్తు, ఆపైన అక్షరం రాస్తే ఏ సంఖ్య ఎక్కడికి వెళ్లాలో ప్రోగ్రాముకు తెలుస్తుంది. ఒక గంటకు ఇంతకు మించిన పాఠం అక్కర్లేదనిపించింది. గుర్తులున్న 5 వాక్యాలను సరిగ్గా అనువదించి సమీక్షకు పంపడమే ఆ గంట లక్ష్యమని రాసుకున్నాను. మిగిలిన 10 అంశాలను ఒక పేజీ రాతప్రతిగా మార్చి, ఇష్టమైనప్పుడు చదువుకోమని ముందే పంపేశాను.

తేదీ, సమయం దగ్గర నేను చేసిన పొరపాటును కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే వేర్వేరు దేశాల్లో సభ్యులున్న ప్రతి బృందానికీ ఇది ఎదురవుతుంది. మావాళ్లలో కొందరు భారతదేశంలో, కొందరు ఐరోపాలో, ఒకరిద్దరు అమెరికా తూర్పు తీరంలో ఉన్నారు. ఎక్కువమందికి కుదిరిన సమయం శనివారం 14:00 యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం), అంటే మనకు రాత్రి 7:30. ఫిబ్రవరిలో కూర్చుని, ఎవరికి ఎన్ని గంటలవుతుందో ఒక పట్టిక తయారు చేసి, మార్చి మూడవ వారంలో జరిగే సమావేశానికి ఆహ్వానంతో పాటు పంపాను. న్యూయార్క్ ఎదురుగా ఉదయం 9 అని రాశాను. ఫిబ్రవరిలో అది నిజమే. అయితే అమెరికాలో 2007 నుంచి మార్చి రెండవ ఆదివారం నాడు గడియారాలను గంట ముందుకు తిప్పుతున్నారు. ఐరోపాలో ఆ పని మార్చి చివరి ఆదివారం వరకు జరగదు. మన దగ్గర అసలే లేదు. ఆ మధ్యనున్న రెండు మూడు వారాల్లో అందరి లెక్కలూ తారుమారవుతాయి. నా పట్టికను నమ్మిన ఒక సభ్యుడు ఉదయం 9 గంటలకు ఖాళీ గదిలోకి వచ్చి, గంటసేపు ఎదురుచూసి, మేము మొదలుపెట్టే సమయానికి విసిగి వెళ్లిపోయాడు. సెలవు రోజు పొద్దున్నే లేచి వచ్చిన మనిషికి ఎన్ని క్షమాపణలు చెప్పినా ఆ గంట తిరిగి రాదు. ఇప్పుడు ఆహ్వానంలో యూటీసీ సమయం ఒక్కటే రాసి, దానితో పాటు క్యాలెండర్ ఫైలు పంపుతున్నాను. ఎవరి ఫోన్ వారి స్థానిక సమయాన్ని తనే చూపిస్తుంది.

వేదిక ఎంపిక మీద మా బృందంలో జరిగినంత చర్చ దానికి అక్కర్లేదని నా అభిప్రాయం. ఉచిత ఖాతాలో జూమ్ సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది, గూగుల్ మీట్‌లో ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే 60 నిమిషాల పరిమితి ఉంది. కాబట్టి గంట కార్యక్రమానికి మొదటిది చాలదు, రెండవది చివరి నిమిషంలో గొంతు నొక్కుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం గనుక సహజంగానే జిట్సీ మీట్, బిగ్‌బ్లూబటన్ పేర్లు వచ్చాయి. 2007లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన బిగ్‌బ్లూబటన్ తరగతులను దృష్టిలో పెట్టుకుని తయారైనది కావడం వల్ల అందులో తెల్లబోర్డు, ఉమ్మడి రాతపుట, చిన్న గదులు చేతికి అందేలా ఉంటాయి. మాకు తెలిసిన ఒక బృందం తమ సర్వర్‌ను ఆ పూటకు వాడుకోనిచ్చింది కాబట్టి దానినే ఎంచుకున్నాం. నిజానికి ఎంపికను తేల్చింది సౌకర్యాల జాబితా కాదు. ఫోన్ నుంచి వచ్చేవారు బ్రౌజరులోనే, ఏ యాప్ దింపుకోకుండా, ఖాతా తెరవకుండా లోపలికి రాగలరా అన్న ఒక్క ప్రశ్నే తేల్చింది. ప్రవేశ లింకును మాత్రం బహిరంగంగా పెట్టలేదు. 2020లో ఎందరో అలా పెట్టి, పిలవని పేరంటాలు వచ్చి సమావేశాలను భగ్నం చేయడం చూశారు. ఆ అనుభవం తరువాతే వేచి ఉండే గది, సంకేతపదం అందరికీ అలవాటయ్యాయి.

నడిపేవారు ముగ్గురుండాలన్నది రెండవ సమావేశానికి ముందు మేము తీసుకున్న మంచి నిర్ణయం. ఒకరు మాట్లాడతారు, ఒకరు చాట్‌లో వచ్చే ప్రశ్నలను చూస్తారు, మూడవవారు ఆలస్యంగా వచ్చేవారినీ, మాట వినపడనివారినీ విడిగా పట్టించుకుంటారు. మాట్లాడే మనిషి చాట్‌ను కూడా చదవగలడనుకోవడం భ్రమ. వాక్యం మధ్యలో కళ్లు చాట్ వైపు వెళ్లగానే మాట తడబడుతుంది, వినేవారికి అది వెంటనే తెలిసిపోతుంది.

రెండు రోజుల ముందు మేము ముగ్గురం కలిసి మొత్తం కార్యక్రమాన్ని ఒకసారి నడిపి చూశాం. ఒకరిని కావాలనే కంప్యూటరు వదిలి, మొబైల్ డేటా మీద ఫోన్ నుంచి చేరమన్నాను. నా తెర పంచుకోగానే అవతలి నుంచి వచ్చిన మొదటి మాట, "ఏమీ కనబడటం లేదండీ, చీమల బారులాగా ఉంది" అని. పెద్ద మానిటరు మీద నాకు ముచ్చటగా కనిపించే పేజీ ఆరంగుళాల తెర మీద ఎలా ఉంటుందో నేను అంతవరకు ఆలోచించలేదు. అక్షరాలను దాదాపు రెండింతలు చేసి, పక్కనున్న పట్టీలన్నీ మూసి, బ్రౌజరు కిటికీని చిన్నది చేసి పంచుకుంటే చదవగలిగారు. అదే అభ్యాసంలో నా తెర మీద ఇంటివారి సందేశం ఒకటి టపీమని పైకి తేలింది. అందులో ఏముందో ఇక్కడ చెప్పను గానీ, ఆ రోజు నుంచి తెర పంచుకునే ముందు నోటిఫికేషన్లు ఆపడం మరచిపోలేదు. ఈ రెండు సంగతులూ అసలు రోజున బయటపడి ఉంటే మొదటి పది నిమిషాలు వాటికే పోయేవి.

అభ్యాసానికి విడిగా ఒక ప్రాజెక్టును తయారు చేయడానికి మరో సాయంత్రం పట్టింది. అసలు సాఫ్ట్‌వేరు నుంచి గుర్తులున్న 40 వాక్యాలను తీసి, ఎక్కడికీ వెళ్లని నకలు ప్రాజెక్టులో పెట్టి, ఇక్కడ ఏం చేసినా ఏదీ పాడవదు, సోమవారం దీన్ని చెరిపేస్తున్నాం అని పైన పెద్ద అక్షరాలతో రాశాం. అందరి ఖాతాలనూ ముందు రోజే అందులో చేర్చాం. ఖాతాలు తెరవడం, మరచిపోయిన పాస్‌వర్డు మార్చుకోవడం వంటివి సమావేశంలోకి చొరబడితే ఆ గంట అక్కడే ఆవిరైపోతుంది. ముందు రోజు మూడవ వ్యక్తి ఒక్కొక్కరికీ విడిగా సందేశం పంపి, లోపలికి వెళ్లి ఒకసారి చూసిరమ్మని అడగడం వల్ల నలుగురి ఇబ్బందులు అప్పుడే తీరిపోయాయి.

సమావేశం రోజున 9 మంది కొత్తవారు వచ్చారు. పలకరింపులు, శబ్దం సరిచూసుకోవడం పది నిమిషాల్లో ముగించి, ఒక వాక్యాన్ని నేను చేసి చూపించాను. దానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ తరువాత మాట్లాడటం ఆపేసి, ఎవరైనా తమ తెర పంచుకుని తరువాతి వాక్యం చేస్తారా అని అడిగాను. ఎవరూ పలకలేదు. ముఖాముఖి గదిలో పది సెకండ్ల మౌనం మామూలుగానే ఉంటుంది. ఆన్‌లైన్‌లో అది యుగంలా అనిపిస్తుంది, నోరు తెరిచి ఆ ఖాళీని పూడ్చేయాలనిపిస్తుంది. పాతిక సెకండ్ల దాకా లెక్కపెట్టుకున్నాను. మా బృందంలో వయసులో పెద్దావిడ, పదవీ విరమణ తరువాత ఈ పనిలోకి వచ్చినావిడ, "నేను ప్రయత్నిస్తానండీ, తప్పులుంటే ఏమనుకోకండి" అని తన తెర చూపించారు.

ఆవిడకు వచ్చిన వాక్యం సరిగ్గా ఆ ఫైళ్ల వాక్యమే. చక్కటి తెలుగులో తిరగేసి రాసి, శాతం గుర్తులను వదిలేశారు. "ఈ గుర్తు అచ్చుతప్పనుకుని తీసేశానండీ" అన్నారు. నేను వెంటనే సరిచేయబోయాను. అప్పుడే చాట్ చూస్తున్న తోటి సభ్యుడి నుంచి నాకు ఒక్కడికే సందేశం వచ్చింది: "ఆగండి, ఆవిడనే చెయ్యనివ్వండి." ఆగాను. ఆవిడ కర్సరు మూల వాక్యం మీదికి వెళ్లింది, శాతం గుర్తు దగ్గర నిలిచింది, తిరిగి తన వాక్యం దగ్గరికి వచ్చింది. "అక్కడ అంకె వస్తుంది కదూ" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. రెండు గుర్తులనూ అతికించారు. భద్రపరచిన వెంటనే నమూనా తెరలో 3 ఫైళ్లలో 12 కాపీ అయ్యాయని చూసి, అయిదారుగురు మైకులు తెరిచి మరీ నవ్వారు, అందరికంటే ముందు ఆవిడే నవ్వారు. వరుస సంఖ్యలు ఎందుకు ఇవ్వాలో ఆ తరువాత ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది. ఆ గుర్తుకు అంకె, డాలరు గుర్తు ఎలా చేర్చాలో చాట్‌లో ఇంకొకరు అప్పటికే రాసేశారు. ఇదంతా నాలుగు నిమిషాల పని. నేను స్లైడ్ల మీద చెప్పి ఉంటే ఒకటిన్నర నిమిషంలో ముగిసేది, ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ తరువాతి పాతిక నిమిషాలు ముగ్గురేసి చొప్పున చిన్న గదుల్లోకి పంపాం. ఒక్కో గదికి మా ముగ్గురిలో ఒకరు వెళ్లి, అడిగితే తప్ప మాట్లాడకూడదన్న నియమం పెట్టుకున్నాం. నా గదిలో నేను రెండుసార్లు ఆ నియమం తప్పాను.

కెమెరాల విషయంలో ఎవరినీ బలవంతపెట్టలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాసిన ఒక వ్యాసంలో, వీడియో సమావేశాల్లో కలిగే అలసటకు నాలుగు కారణాలను ప్రతిపాదించాడు. అందరి ముఖాలూ అతి దగ్గరగా కళ్లలోకి చూస్తున్నట్టుండడం, సంజ్ఞలను అర్థం చేసుకోవడానికీ పంపడానికీ పడే అదనపు శ్రమ, తన ముఖాన్ని తానే గంటలతరబడి చూసుకోవడం, కదలకుండా ఒకేచోట కూర్చోవడం అని ఆయన వివరణ. పనిరోజంతా ఇటువంటి సమావేశాల్లోనే గడిపి, సెలవు రోజున మా కోసం మళ్లీ తెర ముందు కూర్చున్న మనిషిని ముఖం చూపించమని నిలదీయడం నాకు సమంజసంగా తోచలేదు. పైగా మాటకు పట్టే డేటాతో పోలిస్తే వీడియోకు పట్టేది ఎన్నో రెట్లు ఎక్కువ, ఫోన్‌లో చేరినవారికి అది నేరుగా తెలుస్తుంది. ఒకరి వైపు శబ్దం తెగిపోతుంటే మొదట చేయవలసింది కూడా కెమెరాలు ఆపమనడమే.

అనుమతి అడిగి రికార్డు చేశాం, చిన్న గదుల్లో మాత్రం చేయలేదు, ఎందుకంటే తప్పు చేయడానికి కొంత ఏకాంతం కావాలి. గంట రికార్డింగును యథాతథంగా పెడితే రానివారు ఎవరూ చూడరని మొదటి సమావేశమే నేర్పింది. అందులో నుంచి నేను చేసి చూపించిన భాగం, ఆవిడ చేసిన వాక్యం కత్తిరించి 11 నిమిషాలకు కుదించాను. ఆవిడ గొంతు, పేరు ఉన్నాయి కాబట్టి మరోసారి విడిగా అడిగాను. "ఆ నవ్వులు కూడా ఉంచండి" అన్నారు.

సమావేశం ముగియగానే పని అయిపోయిందనుకోవడం నా పాత అలవాటు. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారి కంటే దాన్ని గుర్తుచేసుకుని రాసినవారికే వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం ఉందని ప్రయోగంలో చూపించారు. అందుకని నోట్సు మళ్లీ పంపడానికి బదులు, మూడవ రోజున అసలు ప్రాజెక్టు నుంచి రెండు వాక్యాలు, పదవ రోజున మరో మూడు ఒక్కొక్కరికీ పంపాను. ఇవి మీరే పంపాలి, సాయంత్రంలోగా సమీక్షిస్తాను అని రాశాను. ఆ సాయంత్రంలోగా అన్న మాటను నిలబెట్టుకోవడం శిక్షణ నడపడం కంటే కష్టమైంది. కొత్తవారి మొదటి అనువాదం సమీక్ష కోసం మూడు వారాలు మూలపడి ఉంటే, వారు మళ్లీ రాకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మా పాత సభ్యులు వెళ్లిపోవడానికి శిక్షణ లోపం కంటే ఈ ఆలస్యమే పెద్ద కారణమని ఇప్పుడు నమ్ముతున్నాను.

హాజరుకు ధ్రువపత్రాలు ఇద్దామని ఒకరిద్దరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. ధ్రువపత్రం ఇస్తామంటే 9 మందికి బదులు 60 మంది వస్తారు, మైకులు మూసి, తెరను పక్కన పడేసి, చివర్లో పత్రం ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఎవరైనా పని చేసిన తరువాత, వారు చేసిన పనిని పేర్కొంటూ ఒక ఉత్తరం అడిగితే సంతోషంగా రాసిస్తాను. ఇందులో నాతో ఏకీభవించనివారు మా బృందంలోనే ఉన్నారు, వాదన ఇంకా తెగలేదు.

నెల తిరిగేసరికి ఆ 9 మందిలో ఆరుగురు అసలు ప్రాజెక్టుకు అనువాదాలు పంపారు. ఒకరు ఉద్యోగం మారి తీరిక లేదని చెప్పి సెలవు తీసుకున్నారు, ఇద్దరి నుంచి జవాబు లేదు. తరువాతి సమావేశం పదకోశం మీద, మళ్లీ ఒకే పనితో, వచ్చే శనివారం ఉంది. దాన్ని నడిపేది నేను కాదు, ఫైళ్ల వాక్యంతో అందరినీ నవ్వించిన ఆ పెద్దావిడ. నిన్న ఆవిడ నుంచి ఆహ్వానం వచ్చింది. గురువారం అభ్యాసానికి యూటీసీలో సమయం, క్యాలెండర్ ఫైలు ఉన్నాయి. కింద ఒక వాక్యం అదనంగా రాశారు: "మీరు కంప్యూటరు ముందు కూర్చోకండి, ఫోన్‌లో చేరి నా అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చెప్పండి."